ప్లాస్టిక్ ఇటుకల హార్బరు

"కస్టమ్స్ వాళ్ళం. ఇల్లు సోదా చెయ్యాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు సుందర్ రాజ్, గుమ్మంలో నిలబడే.

ఆదివారం మధ్యాహ్నం. సీతమ్మధారలో ఆ రెండు గదుల వాటా తలుపు తీసిన గురునాథరావు పోర్టులో క్లర్కు. యాభై దాటిన ఒంటరి మనిషి. సోదా అంటే ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. ఈయన మాత్రం గబగబా చొక్కా తొడుక్కుని రెండు కుర్చీలు వేశాడు.

"ఫారిన్ సరుకు దాచారని మాకు తెలిసింది. ఎక్కడుంది?"

"పక్క గదిలో ఉన్నాది బాబూ. రండి, సూద్దురుగాని."

సుందర్ రాజ్ తన వెనకున్న సిపాయి వరహాలు వైపు చూశాడు. దొంగసొత్తుకి ఇంత మర్యాదగా దారి చూపించేవాణ్ణి ఆయన తన సర్వీసులో చూడలేదు.

పక్క గదిలో మంచం లేదు, మడత కుర్చీ లేదు. నేలంతా విశాఖపట్నం హార్బరు పరుచుకుని ఉంది. గోడ వారన డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌసు, కింద క్రేన్లు, గోదాములు, ఖనిజం ఎక్కించుకుంటున్న ఓడ. అన్నీ పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో, ఒకదాని మీద ఒకటి నొక్కి కట్టినవే.

"పిల్లలున్నారేటి బాబూ?" అనడిగాడు వరహాలు.

"లేరు. నాకోసమే కట్టుకున్నాను. పదకొండేళ్ళయింది మొదలెట్టి."

"విప్పాలండీ," అన్నాడు సుందర్ రాజ్. "ఈ గోదాముల్లో బంగారం బిస్కెట్లు పెట్టినా బయటికి తెలీదు. ఒక్కటి దొరికినా మొత్తం జప్తు చేస్తాను."

గురునాథరావు మొహం అప్పుడు పాలిపోయింది. పెద్ద గోదాము ఒక్కటీ కట్టడానికే ఆయనకి ఎండాకాలమంతా పట్టింది. "నానే ఇప్పుతాను బాబూ. మీరు లాగితే ఇరిగిపోతాయి," అని కింద చతికిలబడి, గోడ తర్వాత గోడ ఊడదీశాడు. ఎర్రవి ఒక డబ్బాలో, తెల్లవి ఇంకో డబ్బాలో వేశాడు. రంగులు మాత్రం కలవనివ్వలేదు.

బంగారం బిస్కెట్టు కాదు కదా, టీలో ముంచుకునే బిస్కెట్టు ముక్క కూడా దొరకలేదు. సుందర్ రాజ్‌కి మనసులో చివుక్కుమంది. తనూ కింద కూర్చుని ఒక గోడ తిరిగి కట్టబోయాడు.

"అలాక్కాదు బాబూ. జాయింటు మీద జాయింటు రాకూడదు. తాపీమేస్త్రీ సూడండి, కింద రెండిటుకలు కలిసిన సోట పైన నిండు ఇటుక పెడతాడు. లేపోతే గోడ సీలిపోద్ది."

తర్వాత గంటన్నరసేపు సోదా మాట ఎవరూ ఎత్తలేదు. ఇన్‌స్పెక్టరు చిన్న గోదామొకటి కట్టాడు. సిపాయి క్రేను కొక్కేనికి దారం ఎక్కించాడు.

"ఈ మూల ఖాళీగా ఒగ్గేసినారేటి బాబూ?"

"అది స్టీలు ప్లాంటుకి. శంకుస్థాపన చేసి ఒదిలేసినారు కదా, ఆళ్ళది లేచినప్పుడు నానూ కడతాను."

"అయితే మరి మీకింకా శానా ఆయుస్సుండాల," అన్నాడు వరహాలు.

గురునాథరావు కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. రెండుసార్లు టీ పెట్టాడు. ఇంట్లో ఉన్నవి రెండే కప్పులు గనక తను గ్లాసులో తాగాడు. ఏ క్రేను ఏ సంవత్సరం వచ్చిందో, ఓడలు ఆగే ఏ బెర్తుకి ఎంత లోతుందో చెప్పిందే చెప్పాడు. ఆదివారం నాడు ఆ మనిషి నోరు తెరిచి ఎన్నాళ్ళయిందో పాపం.

చివరికి సుందర్ రాజ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఇంతకీ ఇవి ఎక్కడ కొన్నారో చెప్పారు కాదు."

"మీ ఆఫీసు వేలంలోనే బాబూ. పట్టుకున్న సరుకు వేలం వేత్తారు కదా. రసీదులన్నీ ఉన్నాయి," అని బీరువాలోంచి కట్ట తీసి చేతికిచ్చాడు.

సుందర్ రాజ్ ఒక్కొక్కటీ తిరగేశాడు. ఆఫీసు ముద్ర అన్నిటి మీదా ఉంది. "ఇవి ముందే చూపిస్తే ఏదీ విప్పకుండా గుమ్మంలోంచే వెళ్ళిపోయేవాళ్ళం కదండీ."

గురునాథరావు ఖాళీ కప్పులు తీసే పనిలో పడ్డాడు.

"మీకు పడనివాళ్ళెవరైనా ఉన్నారా? మాకొచ్చింది ఆకాశరామన్న ఉత్తరం."

"నాకు పడేవోళ్ళే లేరు బాబూ. పడనోళ్ళెక్కడినుంచొత్తారు."

"సరే, ఫిర్యాదు అబద్ధమని రాసేస్తాను. ఇక మా వాళ్ళెవరూ మీ గుమ్మం తొక్కరు. హాయిగా ఉండండి."

"అలాగే బాబూ," అన్నాడు గురునాథరావు.

వాళ్ళ జీపు సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎదురింటి ఆదిలక్ష్మమ్మ చూసిందంతా చూసి, పలకరించకుండానే కిటికీ వేసుకుంది. గురునాథరావు లోపలికొచ్చి కప్పులు కడిగి బోర్లించాడు. ఇన్‌స్పెక్టరు కట్టిన గోదాము ఒక పక్కకి ఒరిగి ఉంది. దాన్ని సరిచెయ్యబుద్ధి కాలేదు.

కాసేపటికి బల్ల ముందు కూర్చుని ఒక పోస్టుకార్డు తీశాడు. పెన్ను ఎడమచేతిలోకి మార్చుకుని రాయసాగాడు: "ఫైరాఫీసరు గారికి, సీతమ్మధారలో గురునాథరావు అనే పోర్టు క్లర్కు తన ఇంట్లో దొంగతనంగా టపాకాయలు దాచినాడు. తమరు వచ్చే ఆదివారం కనీసం పదిమందితో రావలెను."