పొద్దున్నే మొరాయించే కారు

“ఇవాళ కూడా స్టార్ట్ కాలేదురా,” ఫోన్లో మాస్టారు తీరిగ్గా చెప్పారు.

మెకానిక్ తల పట్టుకున్నాడు. వరసగా ఇది నాలుగో రోజు. మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, ముప్ఫై ఏళ్ళు డ్రైవింగ్ నేర్పిన మాస్టారు. మెకానిక్ చేత మొదటిసారి స్టీరింగ్ పట్టించిందీ, క్లచ్ వదలడం రాలేదని చెవి మెలిపెట్టిందీ ఆయనే. ఆయన ప్రాణంగా చూసుకునే పాత టర్బో కారు తన చేతిలో పాడైందంటే, ఇక ఊళ్ళో తలెత్తుకు తిరగగలడా?

పెట్రోలుతో నడిచే ఆ కారును ఇథనాల్‌కు మార్చమని అడిగింది ఆయనే. లాభాలు ఏకరువు పెట్టబోతే ఆపి, ముందు నష్టాలేమిటో చెప్పమన్నారు. ఇథనాల్ తొందరగా ఆవిరి కాదు కాబట్టి చలిలో ఇంజన్ మొండికేస్తుందని చెప్పాడు మెకానిక్.

“అయితే మార్చెయ్,” అన్నారు మాస్టారు.

నష్టం విని సరేనన్న మనిషిని మెకానిక్ చూడటం అదే మొదటిసారి. ఎందుకా అని రెండు రోజులు బుర్ర గోక్కుని, పెద్దాయన చాదస్తంలే అని సరిపెట్టుకున్నాడు.

పది రోజులు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. పాత రబ్బరు పైపులు పీకేసి కొత్తవి వేశాడు. ఇథనాల్ ఎక్కువ ఖర్చవుతుంది గనక పెద్ద పంపు, పెద్ద ఇంజెక్టర్లు బిగించాడు. ఇంజన్‌ను నడిపే కొత్త కంప్యూటర్ పెట్టె బిగించి, దానికి ల్యాప్‌టాప్ తగిలించి, ఎంత గాలికి ఎంత ఇథనాల్ పోవాలో లెక్కలన్నీ మార్చాడు. టర్బో అందుకోగానే ముసలి కారు కాస్తా కుర్రదానిలా ఉరికింది. చేసిన మార్పులు కాగితం మీద రాసిస్తే, కళ్ళద్దాలు ఇంట్లో మరిచానని మాస్టారు అతని చేతే చదివించుకున్నారు. ఇంటిదాకా బండి కూడా అతన్నే నడపమన్నారు. నేర్పింది గుర్తుందో లేదో చూద్దామంటూ పక్క సీట్లో దర్జాగా కూర్చున్నారు.

మర్నాటి నుంచే ఫోన్లు మొదలయ్యాయి. మెకానిక్ ప్రతి సాయంత్రం వెళ్ళి, చలికి తగ్గట్టు కాస్త ఇంధనం పెంచి వచ్చేవాడు. పొద్దున మళ్ళీ అదే మాట. మధ్యలో మాస్టారి కూతురు కూడా అందుకుంది. పాపను రోజూ తెల్లవారుజామున ఈతకు దింపేది నాన్నేననీ, ఇప్పుడు ఆ పరుగంతా తన మెడకు చుట్టుకుందనీ కడిగేసింది.

“బాగున్న బండిని బాగుచేసి పాడుచేశావన్నా,” అంది చివరికి.

ఆ మాట మెకానిక్‌కు సూటిగా తగిలింది. ఐదో రోజు చీకటితోనే, చెప్పాపెట్టకుండా వాళ్ళింటికి వెళ్ళాడు. కూతురు మొహం ముడుచుకుని తాళం ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. కారు మీద మంచు దట్టంగా పట్టి ఉంది. గాజు గొట్టంలో కాస్త నీళ్ళూ, ట్యాంకులోంచి తీసిన ఇథనాల్ కాస్తా పోసి కుదిపి చూశాడు. పెట్రోలు విడిపడి పైకి తేలలేదు, అంటే కల్తీ ఏమీ లేదు. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ల్యాప్‌టాప్ తగిలించి, తను బిగించిన పెట్టెలో నమోదైనవన్నీ వెనక్కి చూశాడు. సాయంత్రాలు తను స్టార్ట్ చేసినవి ఉన్నాయి. పొద్దుటిపూట, నాలుగు రోజుల్లో, ఎవరూ తాళం ముట్టుకున్న గుర్తే లేదు.

చప్పుడు విని మాస్టారు బయటికొచ్చారు. మెట్లు ఒక్కొక్కటే దిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపేశారు.

“మీరసలు స్టార్ట్ చెయ్యనే లేదు కదండీ. మరి నాకెందుకు మాస్టారూ ఈ చెడ్డపేరు?” అడిగాడు మెకానిక్. కోపంకన్నా అతనికి వింతే ఎక్కువగా ఉంది.

లోపల మనవరాలు ఈత సంచీ సర్దుకుంటోంది. మాస్టారు అటు ఓసారి తిరిగి, అతని భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించారు.

“నాకు రోడ్డు కనపడటం లేదురా.”