లెంటివర్స్‌లీ పుట్టుక

నిఘంటువు ఆఫీసులో పర్మనెంటు ఉద్యోగం ఒక్కటే ఖాళీ ఉంది. దానికి ఇద్దరు కాచుకుని ఉన్నారు. తొమ్మిదేళ్ళుగా టెంపరరీగా నలుగుతున్న ఆవిడ ఒకరు. నిరుడు చేరిన కుర్రాడు, అందరూ కళ్ళజోడు అని పిలిచేవాడు, ఇంకొకరు.

పెద్ద ఎడిటరు ఇద్దరికీ ఒకే ఇంగ్లీషు మాట ఇచ్చాడు. లెంటివర్స్‌లీ. క్రియావిశేషణం. ‘మెల్లగా వెనక్కి తిరుగుతూ’ అని అర్థం. ఆఫీసు నిఘంటువులో అర్థం ఉంది గానీ, పుట్టుక రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. నెల రోజుల్లో దాని మూలం సంగతి చూసి, చెరొక కార్డు మీద రాసి తెమ్మన్నాడు.

లాటిన్ ఆవిడకు కొట్టినపిండి. లెంటస్ అంటే నెమ్మది. వెర్టెరే అంటే తిరగడం. మొదటిరోజే మాట వేళ్ళు చేతికి తగిలాయి. ఆ వేళ్ళ నుంచి ఇంగ్లీషు దాకా మాట ఏ దారిన నడిచి వచ్చిందో మాత్రం అంతు చిక్కలేదు. పాత పుస్తకాలన్నీ జల్లెడ పట్టింది. పోటీ కంపెనీ నిఘంటువులో తప్ప ఇంకెక్కడా దాని ఊసే లేదు.

ఇంట్లో రెండుసార్లు కూర మాడింది.

“ఆ మాటేమన్నా మనింట్లో అద్దెకు దిగిందా అమ్మాయ్? పొద్దస్తమానం ఇక్కడే ఉంటోంది” అంది అత్తగారు.

ఈసారి కూడా ఉద్యోగం రాకపోతే ఇంట్లో కూర్చుని ట్యూషన్లు చెప్పుకోమని భర్త ఖరాఖండిగా చెప్పేశాడు.

ఇరవై తొమ్మిదో రోజున ఆవిడ గుండె రాయి చేసుకుని కార్డు నింపింది. పన్నెండో శతాబ్దంలో ఒక సన్యాసి తన గురువుకు రాసిన ఉత్తరంలో ఈ మాట మొదటిసారి కనిపిస్తుందని రాసింది. ఆ మఠం తర్వాత తగలబడిందని కూడా రాసింది. ఇక వెళ్ళి అడిగేవాడెవడు?

మర్నాడు ఇద్దరూ కార్డులు బల్లమీద పెట్టారు. కళ్ళజోడు కార్డు మీద ‘దొరకలేదు’ అని ఒక్కటే మాట ఉంది. ఆవిడకు జాలేసింది.

“పోనీలే తమ్ముడూ, లాటిన్ అందరికీ ఒంటబట్టదు” అంది మెల్లగా.

పెద్ద ఎడిటరు ఆవిడ కార్డు రెండుసార్లు చదివాడు.

“ఆ ఉత్తరం నువ్వు చూశావా అమ్మా?”

“నకలు చూశానండీ. నా కళ్ళతో చూశాను.”

ఆయన కళ్ళజోడు కుర్రాడితో చెయ్యి కలిపి, ఆవిడ వైపు తిరిగాడు.

“మన పుస్తకాన్ని మక్కీకి మక్కీ కాపీ కొట్టే కంపెనీలను పట్టుకోవడానికి, ఇరవయ్యేళ్ళ కిందట ఈ మాటను నేనే కల్పించి నిఘంటువులో వేశానమ్మా.”