ఒరేయ్ అనని మంత్రి

తాలూకాలో తిరిగే కంబగిరన్న రాజధానిలో మంత్రి అయ్యాక, ప్రతి ఆసుపత్రి గోడమీది తెరలోనూ కంప్యూటరు చేసిన ఆయన బొమ్మే నిలబడి జనంతో మాట్లాడుతోంది. ఊపిరందని పెళ్లాం ఈరమ్మను స్ట్రెచర్ మీద ఉంచి, సుంకన్న ఆ బొమ్మకు దండం పెట్టాడు.

"ఒగ బెడ్డు ఇప్పించన్నా!"

"సుంకన్నగారూ, మీ విన్నపం అందిందండీ."

సుంకన్న వెంట ఉండి జెండా మోసిన రోజుల్లో, కంబగిరన్న "ఒరేయ్ సుంకా" అని తిట్టాడంటే పని అయినట్టే. "గారూ" అన్నాడంటే కానట్టే.

"అట్ల మర్యాద జేయొద్దన్నా. నీ కాల్మొక్తా, ఒగసారి ఒరేయ్ అని తిట్టు!"

బొమ్మ నవ్వింది. "తప్పకుండానండీ. ఒరేయ్ సుంకా!"

గొంతు అచ్చం ఆయనదే. సుంకన్న ఆశగా వార్డు తలుపుకేసి పరిగెత్తి తోశాడు. అది తెరుచుకోలేదు.

వెనక బొమ్మ స్ట్రెచర్ వైపు వంగి, "ఈరమ్మగారూ, మీ ఇబ్బందేమిటో మీరైనా చెప్పండమ్మా" అని మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఈరమ్మ ఊపిరి అప్పటికే ఆగిపోయింది.