మఠం రాళ్ల దొంగ

“ఆ రాయి కింద పెట్టు!”

డెర్వ్లా కేకకు మఠం గోడల మీది కాకులన్నీ లేచిపోయాయి.

కమాను కింద వంగి ఉన్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. అతని గోనెసంచిలోంచి చెక్కుడు రాయి ఒకటి సగం బయటికొచ్చి ఉంది.

“పెట్టడానికే వచ్చానమ్మా.”

“దొరికిపోయాక ప్రతి దొంగదీ ఇదే మాట!”

నిజానికి మా కిల్‌రూవాలో మఠం రాయి లేని గోడ లేదు. క్రైస్తవ సన్యాసులు వెళ్లిపోయి మఠం పాడుబడ్డాక మా తాతముత్తాతలు ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయారు. డెర్వ్లా పందుల కొట్టం వాకిలి మీదే ఓ దేవదూత మొహం ఉంది. అయినా మఠం తాళంచెవి ఆమె దగ్గరే. మిగిలిన ఆ ఒక్క కమానంటే ఆమెకు ప్రాణం. పెళ్లి దాని కిందే జరిగింది. మొగుడి సమాధీ దాని నీడలోనే ఉంది. పక్క రాళ్లు పోయి ఇప్పుడది ఒరిగింది. ఈ చలికాలం దాటదని మేస్త్రీ ఫింటన్ అన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు.

“ఉన్నవి నిలవక నేనేడుస్తుంటే, నీకు రాయి కావాల్సొచ్చిందా? ఎవరు నువ్వు?”

“మాలకీ అంటారమ్మా. కొండ అవతల, సరస్సు ఒడ్డున ఉంటాను. ఇంకో నాలుగు...”

“ఇంకో నాలుగు కూడానా! సిగ్గు లేదూ? మళ్లీ ఇటు వచ్చావో... నీ పొయ్యి ఆరిపోనూ!”

మా వైపు అంతకు మించిన తిట్టు లేదు. ఇక్కడ రాత్రి నిప్పు మీద నివురు కప్పి పొద్దున్నే రాజేస్తారు. తాతల నాటి నిప్పు ఆరితే ఇల్లే ఆరినట్టు.

ముసలాయన రాయి అక్కడే వదిలి, ఖాళీ సంచి భుజాన వేసుకుని, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

క్రిస్మస్ ముందు ఫింటన్ వచ్చాడు. ఆ రాయి ఎత్తి కమాను ఖాళీలో పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చుంది.

“ఇదెక్కడిదక్కా? ఈ మధ్య ఊడింది కాదే. చూడు, ఓ పక్కంతా ఏళ్ల నాటి మసి! ఇలాంటివి ఇంకో నాలుగుంటే నీ కమాను నా మనవలు కూడా చూస్తారు.”

నాలుగు!

డెర్వ్లా ఎండుద్రాక్ష రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని కొండ దాటింది.

“మాలకీ తాతా?” సరస్సు ఒడ్డున పక్కింటామె నిట్టూర్చింది. “పోయిన వారమే మట్టి చేశాం. చలి పట్టేసింది. మా ఇంటికొచ్చి కాచుకో తాతా అంటే వింటేగా! మఠం పని ఉందనేవాడు.”

డెర్వ్లా ముసలాయన ఇంటి తలుపు తోసింది.

గడప పక్కన గోనెపట్టా మీద మసిబారిన నాలుగు రాళ్లు పేర్చి ఉన్నాయి. వాటి వెనక, ముత్తాత నాటి నుంచి ఒక్కనాడూ ఆరని పొయ్యి ఉండాల్సిన చోట, ఆయన తన చేత్తోనే నిప్పార్పి తవ్విన గుంట ఉంది.