కోటల ఆట మీద పంచాయితీ

"ముందు మంచి చెప్పమ్మా. చెడ్డ తర్వాత," అన్నారు క్రీస్తుదాసు అయ్యగారు.

సారపాక చర్చి సంఘంలో ఎవరి తగువైనా ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరైన ఆయన ఇంటి వరండాలోనే తెగుతుంది. ఆయన పద్ధతి ఆయనది. ఎవరి మీద ఫిర్యాదు చేసినా ముందు వాళ్లలో ఉన్న మంచి చెప్పాలి. అది చెప్పలేని వాళ్ల మాట ఆయన వినరు.

ఏడుస్తున్న పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుంది లిదియా. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఆమె భర్త షాలేమ్‌రాజు నేల చూస్తూ కూర్చున్నాడు.

"తాగడు," అంది లిదియా. "చెయ్యెత్తడు. కాగితం మిల్లు డ్యూటీ ఎగ్గొట్టడు. జీతం తెచ్చి నా చేతులనే పెడతడు."

"మరింకేందమ్మా?"

"మాట్లాడడు అయ్యగారూ. డ్యూటీ నుంచి వచ్చిండంటే ఫోన్ల ఆ కోటల ఆటే. అన్నం పెట్టనా అంటే తల ఊపుతడు. పాపకు జ్వరమంటే తల ఊపుతడు. నేను సచ్చిపోతే ఏం జేస్తవని మొన్న నేనే అడిగిన. గప్పుడు గూడ తల ఊపిండు."

పక్కన స్టూలు మీద కూర్చున్న అత్త ఫ్లోరెన్సు మూతి తిప్పింది. "ఇదీ ఒక పంచాయితేనా? మా ఆయన బతికినన్నాళ్లు నోరు మూయలే. నేనెవరికి చెప్పుకున్న?"

"నువ్వాగు ఫ్లోరెన్సమ్మా," అన్నారు అయ్యగారు.

"ఆగుతా గానీ, ఆ ఆట మాత్రం తీసేయించండి. అండ్ల దయ్యాలున్నయి. కండ్లార చూసిన."

లిదియాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఈ మధ్య ఆమెకు ఏదీ రావడం లేదు. పాప ఏడిస్తే ఊపుతుంది, పొద్దు గూకితే బియ్యం కడుగుతుంది. గోడతో చేసే కాపురం ఏ ఇంట్లో చేస్తేనేం అనిపించి, పొద్దున్నే బట్టలు సంచిలో సర్దింది. ఇక్కడ ఏదీ తేలకపోతే అటునుంచి అటే కారేపల్లి బస్సెక్కి తల్లి దగ్గరికి వెళ్లిపోవడమే.

అయ్యగారు రాజు వైపు తిరిగారు. "ఆ ఆట తీసెయ్యమంటున్నరు రాజూ. దానికి గూడ న్యాయం జరగాలె గదా. దాని మంచేంది, చెడ్డేంది నువ్వే చెప్పు."

రాజు గొంతు సవరించుకున్నాడు.

"మంచంటే... అండ్ల టైం ఆగదు అయ్యగారూ. చదరంగం లెక్క నీ వంతు, నా వంతు అని ఉండదు. మనం ఈడ గోడ కడుతుంటే అవతలోడు ఆడ కట్టె కొడుతుంటడు. ఏ దిక్కుకు మనిషిని పంపితే ఆ దిక్కే కనబడతది, మిగతాదంతా చీకటే. నాలుగు జాతులుంటయి. మనుషులు, మరుగుజ్జులు, చెవులు పొడుగున్న అడివోళ్లు, సచ్చి లేచినోళ్లు. ఆ అడివోళ్లు ఒక్క చెట్టు కొట్టరు. చెట్టు లోపల్నే ఇల్లు కట్టుకుంటరు. శత్రువొస్తే ఆ చెట్లే వేర్లు పీక్కొని నడుస్తయి."

"చెట్లు నడుస్తయా?"

"నడుస్తయి. మన జామాయిల్ తోటలన్నీ లేచి మిల్లు మీదికొచ్చినట్టుంటది."

"మరి చెడ్డ?"

"ఉంది. సచ్చి లేచినోళ్లకు బలం ఎక్కువిచ్చిన్రు. ఎవడు వాళ్లను తీసుకుంటే వాడే గెలుస్తడు, అది అన్యాయం. ఇంగ వంతెన దగ్గర సైన్యమంతా ఇరుక్కుంటది. శ్రీరామనవమి నాడు గోదారి బ్రిడ్జి మీద బండ్లు చూడలేదా, గట్ల. ముందుకు పోరు, ఎనక్కి రారు. మనం ఒక్కళ్లమే ఆడితే కంప్యూటర్ ఎన్నిసార్లు ఓడినా అదే దోవన వస్తది, దానికి బుద్ధి లేదు. కథ గూడ సప్పగుంటది. ఆ కోట రాజు చెల్లెను ఎత్తుకపోయిన్రు, తెచ్చుకోవాలె, గంతే."

"దయ్యాల సంగతి చెప్పవేందిరా?" అంది ఫ్లోరెన్సు.

"అవి దయ్యాలు కాదమ్మా. కోట మీద కాపలా దీపాలు."

దీపాలు ఎక్కడెక్కడ ఉంటాయో చూపించడానికి అతను రెండు చేతులూ గాలిలో చాచాడు. మాట్లాడేటప్పుడు చేతులు తిప్పే మనిషని లిదియాకు తెలియదు. పాప ఎప్పుడు ఏడుపు ఆపిందో కూడా ఆమె గమనించలేదు. అది తల తిప్పి, నోరు తెరుచుకుని, తండ్రి నోటి వైపే చూస్తోంది. ఆ గొంతు పిల్లకు కొత్త.

అయ్యగారు తల పంకించారు. "మంచిగ చెప్పినవ్. ఇప్పుడు లిదియా గురించి చెప్పు. ముందు మంచి."

రాజు చేతులు ఒడిలోకి దిగిపోయాయి.

"మంచిదే," అన్నాడు.

"చెడ్డ?"

"ఏం లేదు."

పాప మళ్లీ ఏడుపు అందుకుంది.

అయ్యగారు నిట్టూర్చారు. "ఫోనిటియ్యి రాజూ. ఆట పోవలసిందే."

రాజు తీసి ఇచ్చేశాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తీయడం చేతగాక లిదియాకు అందించారు. "నీ చేత్తోనే తీసెయ్యమ్మా. నీ బాధ తీరిపోతది."

ఆమె కోట బొమ్మ మీద వేలు నొక్కి పట్టింది. తీసేయమంటారా అని ఫోను అడిగింది.

"నొక్కు మరి. ఇంకేం చూస్తున్నవ్?" అంది ఫ్లోరెన్సు.

లిదియా 'వద్దు' నొక్కి, ఫోను తెచ్చి భర్త చేతిలో పెట్టింది. పాపను అతని ఒడిలో కూర్చోబెట్టి, తాను అతని ఎదురుగా నేల మీద చతికిలబడి అంది:

"ఇందాకటి ఆట ముచ్చట మళ్లొకసారి చెప్పు. మొదటి నుంచి."