ఎనభై రెండు శాతం

“అమ్మాయ్, చెయ్యి తియ్యి!”

ముసలాయన కసిరిన కసురుకు ఆ అమ్మాయి చేతిలోని పెన్ను జారి పడింది.

ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. క్లాసులో మొదటి ర్యాంకు. వాల్వు చక్రం మీద చెయ్యి వేసింది, అంతే.

“రేపు ల్యాబ్ పరీక్ష తాతా. ఒక్క పది నిమిషాలు మూసి చూస్తాం.”

“పది నిమిషాలు చాలు, చావడానికి.”

పక్కనున్న బక్కోడు, ఆమె క్లాస్‌మేటు, కిసుక్కున నవ్వాడు. మీటరు చూసి అంకె చెప్పడం వాడి పని.

కాలేజీ వెనక షెడ్డు అది. ముసలాయన అక్కడ కాంట్రాక్టు మీద ఇంజను చూసుకునే మనిషి. గ్యాస్ ఇంజను కరెంటు పుట్టిస్తుంది. దాని వేడితోనే నీళ్లు కాగి, గొట్టంలో హాస్టల్‌కు పోతాయి. ఒకే గ్యాసు, రెండు పనులు. కాల్చిన దాంట్లో నూటికి ఎంత పనికొచ్చిందో విద్యార్థులు తేల్చాలి. హాస్టల్‌కు అక్కర్లేని వేడి ఈ వాల్వు గుండా కప్పు మీది రేడియేటర్‌కు పోయి గాలిలో కలిసిపోతుంది.

ఇప్పుడు సెలవులు; ఈ పరీక్ష రాసేవాళ్లు ఇళ్ల నుంచే వస్తారు. హాస్టల్ ఖాళీ. మీటరు యాభై ఆరు దాటడం లేదు. వాల్వు మూస్తే ఆ వేడంతా గొట్టంలోనే ఉండి అంకె పెరుగుతుంది.

“మాన్యువల్లో ఎనభై రెండని ఉంది తాతా. అది రాకపోతే సారు సున్నా వేస్తారు. సున్నా వస్తే నాకొచ్చిన ఉద్యోగం పోతుంది.”

“యాభై ఆరు వస్తే యాభై ఆరే రాయి. స్నానం చేసేవాడే లేడు, వేణ్ణీళ్లు ఎవడి కోసమమ్మా?”

“మరి మాన్యువల్?”

“అది రాసినవాడు గాడిద.”

గుమ్మంలో లెక్చరర్ నిలబడి ఉన్నాడు. విన్నాడు.

“ఏం కూశావ్? నేను ఆయన్ని చూడలేదు గాని, మాన్యువల్ రాసిన ఆ మాస్టారి చేతిరాతనే ఇన్నేళ్లుగా జిరాక్సు తీసి పాఠం చెప్పుకుంటున్నాం. ఆయన కాలిగోటికి సరిపోతావా నువ్వు? నూనెగుడ్డలు పిండుకునేవాడివి!”

“సరిపోను సారూ. కానీ ఒత్తిడి పెరిగితే తెరుచుకోవాల్సిన ఆ సేఫ్టీ వాల్వు పట్టేస్తోంది. రోజూ పొద్దున్నే నేను తడితే గాని కదలడం లేదు. లాగ్‌బుక్కులో మూడుసార్లు రాశాను.”

“నీ లాగ్‌బుక్కు ఎవడు చదువుతాడయ్యా!”

నిజమే. ఎవడూ చదవలేదు. చదువు చెప్పే చోట చదవనివే ఎక్కువ.

లెక్చరర్ కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. సాయంత్రానికి ముసలాయన ఉద్యోగం ఊడింది.

గేటు దగ్గర వాచ్‌మన్ సంచి వెతికాడు. టిఫిన్ డబ్బా, కళ్లజోడు, అడుగున వాల్వు ఇనప చక్రం.

“దొంగబుద్ధి! పాత సామాన్ల కొట్టుకు వేద్దామనా?” లెక్చరర్ చక్రం లాక్కున్నాడు.

“దొంగనే అనుకోండి. పోలీసులకు పట్టించండి. చక్రం మాత్రం బిగించకండి సారూ. హాస్టల్ నిండాక పెట్టుకోండి పరీక్ష.”

“ముందు నువ్వు బయటికి నడువు.”

మర్నాడు పదింటికి పరీక్ష. చక్రం బిగించి ఉంది.

అమ్మాయి దాన్ని తిప్పి వాల్వు మూసింది. బక్కోడు గొట్టం పక్కన వంగి మీటరు చదివాడు.

“అరవై ఆరు... డెబ్బై నాలుగు... ఒసేయ్, నీ ఉద్యోగం నడుచుకుంటూ వస్తోందే!”

లెక్చరర్ మెచ్చుకోలుగా తలాడించాడు.

“ఎనభై రెండు!”

అదే వాడి ఆఖరి మాట.

సేఫ్టీ వాల్వు కదల్లేదు. ఆ పొద్దున దాన్ని తట్టినవాడు లేడు. అతుకు దగ్గర గొట్టం చీలింది. కాగిన నీళ్లు వాడి ముఖం మీదికే వచ్చాయి.

వాణ్ని మట్టిలో కలిపిన మూడో రోజున లెక్చరర్ షెడ్డులోని ముసలాయన బీరువా పగలగొట్టించాడు. తప్పు ఎవడి నెత్తిన రుద్దాలో అప్పటికే తేల్చుకున్నాడు. కావలసింది రుజువే.

“నువ్వే సాక్షివి,” అన్నాడు అమ్మాయితో. “ముసలాడు కక్షకొద్దీ సేఫ్టీ వాల్వు పాడుచేసి పోయాడని చెప్పు. నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా.”

ఆమె బీరువా ముందు కూర్చుంది.

బీరువా నిండా లాగ్‌బుక్కులు. ఇరవై రెండేళ్లవి. కట్టు కట్టిన చేత్తో ఆమె అన్నిటికన్నా అడుగునున్నది లాగింది.

“సార్... ఈ రాత...”

“ముసలాడిదే. అయితే?”

ఆమె మాన్యువల్ తెరిచి పక్కన పెట్టింది. ఎనిమిది అంకె నెత్తిన అదే కొక్కెం. రెండింట్లోనూ.

లెక్చరర్ కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

లాగ్‌బుక్కు మొదటి పేజీ ఆమె పైకి చదివింది.

“హాస్టల్ నిండుగా ఉన్న ఒక చలిరోజున వచ్చిన అంకెను, అన్ని రోజులకూ అదే సరైన జవాబని మాన్యువల్లో రాశాను. దాన్ని రాబట్టాలని నా విద్యార్థి ఒకడు కిందటి నెల ఈ వాల్వు మూసి చనిపోయాడు. మాన్యువల్ మార్చమంటే యాజమాన్యం వినలేదు. ఇక పాఠం చెప్పను, ఈ చక్రానికి కాపలా ఉంటాను.”