బయటి గుండీ

"అంచున ఒక్కటే ఉంది సార్," అంది కూతురు, గుడ్డను వేళ్ళతో తడుముతూ.

"అయితే ఏ మూలకం?" అడిగారు లెక్చరర్.

"సోడియం."

తల్లి కుట్టుమిషన్ ఆపి అటు చూసింది. ఆ గుడ్డ ఆమె చేతి పనే. లెక్చరర్ అడిగినట్టు లావు దారంతో ఒకదాని చుట్టూ ఒకటి మూడు వలయాలు కుట్టింది. ఎలక్ట్రాన్లకు బదులు చొక్కా గుండీలు. లోపలి వలయంలో రెండు, మధ్యలో ఎనిమిది, బయట ఒకటి. చూపు లేని పిల్లకు రసాయనశాస్త్రం ఎలా చెబుతామని కాలేజీలో అందరూ చేతులెత్తేస్తే, ఈయన ఒక్కరే రోజూ సాయంత్రం ఇంటికొచ్చి కూర్చున్నారు. ఏడాదిన్నరగా ఒక్కరోజూ మానలేదు. టీ ఇచ్చినా వద్దంటారు.

వినగా వినగా తల్లికీ పాఠం పట్టుబడింది. పరమాణువుల చుట్టరికమంతా బయటి వలయంతోనేనట. లోపలివి ఎవరి జోలికీ పోవు. సోడియం తన ఒంటి ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాలని చూస్తుంది. బయట ఏడున్న క్లోరిన్ దాన్ని లాక్కుని ఎనిమిది చేసుకుంటుంది. రెండూ కలిస్తే వంటింట్లో ఉప్పు.

"మరి సోడియాన్ని నీళ్ళలో వేస్తే?" అంది కూతురు.

లెక్చరర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ ఎలక్ట్రాన్ నీటికి పోతుందని, హైడ్రోజన్ వాయువు బయటికొస్తుందని, పుట్టిన వేడికి అది అంటుకుంటుందని మెల్లగా చెప్పారు.

"ముక్క పెద్దదైతే?"

"పేలుతుంది," అన్నారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ.

తల్లి మనసు చివుక్కుమంది. మానుతున్న పుండును పిల్ల ఎందుకిలా గిల్లుకుంటుంది? రెండేళ్ళ కిందట ల్యాబ్‌లో పిల్ల చూపు పోయింది అలాగే. ఈ లెక్చరర్ అటు తిరిగినప్పుడు పిల్ల తొందరపడి పెద్ద ముక్క పడేసిందని విచారణలో తేల్చారు. గదిలో ఉన్నది వాళ్ళిద్దరే. పిల్ల ఆస్పత్రిలో కళ్ళకు కట్లతో స్పృహ లేకుండా ఉండగానే, తప్పు మా అమ్మాయిదేనని తల్లి క్షమాపణ రాసిచ్చేసింది. తెలివి వచ్చాక సంగతి చెబితే పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది. ఏమీ గుర్తులేదని మాత్రం అంది.

పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు ఆ కబురు తెచ్చిందీ లెక్చరరే. ఫస్ట్ క్లాసులో పాసైంది. తల్లి రెండు చేతులూ జోడించింది. ఆయన ఆ చేతుల వంక చూడలేకపోయారు. ఇక తన అవసరం లేదని గొణిగి, చెప్పులేసుకుని గబగబా మెట్లు దిగిపోయారు. కూతురు కుర్చీలోంచి లేవలేదు సరికదా, పెదవి కూడా విప్పలేదు.

తల్లికి ఒళ్ళు మండింది. "ఆయనే లేకపోతే ఏమైపోయేదానివి? ఒక్క మంచి మాటకు నోరు రాలేదా?"

అడుగుల చప్పుడు సందు మలుపు దాటేదాకా కూతురు చెవులు రిక్కించి వింది.

"పాసయ్యేదాకా ఆయన రావడం మానకూడదనే నోరు మూసుకున్నానమ్మా."

"అంటే?"

"నేను ఆఖరుసారి చూసింది, ఆ ముక్కను నీళ్ళలో వేస్తున్న ఆయన చేతినే."